క్యాన్సర్ పేషెంట్ రక్తం నుంచి ఎక్సోసోమ్‌లు తీయడం: ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ల కోసం

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీయో బయోటెక్నాలజీయో పూర్తిచేసి జేఆర్‌ఎఫ్‌గా (జూనియర్ రీసెర్చ్ ఫెలోగా) చేరారు. బ్రెస్ట్ క్యాన్సర్ పేషెంట్ల ప్లాస్మా (రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవం) నుంచి ఎక్సోసోమ్‌లు (కణాలు బయటికి వదిలే అతి చిన్న సంచులు) తీసి, వాటిలో ఏముందో చూడమని గైడ్ చెప్పారు. ప్రోటోకాల్స్ ఇంగ్లీషులో కావలసినన్ని దొరుకుతాయి. నేను హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్ల పక్కన నిలబడి ఏం చెబుతానో అదే ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఖరీదైన మెషీన్ల దగ్గరికి వెళ్లేసరికే మీ శాంపిల్ మంచిదో కాదో తేలిపోయి ఉంటుంది. సూది గుచ్చిన నిమిషం నుంచి సెంట్రిఫ్యూజ్‌లో రెండో స్పిన్ అయ్యేదాకా ఏం జరిగిందన్నదే ముఖ్యం. అందుకని నేను ఆ భాగం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

దేని కోసం వెతుకుతున్నాం

మన ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ కొవ్వు పొరతో చుట్టిన అతి చిన్న సంచులను బయటికి వదులుతుంది. వాటన్నిటినీ కలిపి ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటారు, ల్యాబ్‌లో ఈవీలు అంటాం. కణం లోపల ఎండోసోమ్ అనే అరలో తయారై, అది పైపొరతో కలిసిపోయినప్పుడు బయటపడేవి ఎక్సోసోమ్‌లు. సైజు సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. పైపొరే ఉబ్బి తెగిపోతే వచ్చేవి మైక్రోవెసికిల్స్, ఇవి 100 నుంచి 1000 దాకా ఉంటాయి. చనిపోతున్న కణం ముక్కలైతే వచ్చేవి అపోప్టోటిక్ బాడీలు, ఇంకా పెద్దవి. రక్తంలో కలిశాక 100 నానోమీటర్ల సంచి ఏ దారిన పుట్టిందో చెప్పలేం. అందుకే థీసిస్‌లో ‘చిన్న ఈవీలు’ అని రాయండి. మాట్లాడేటప్పుడు అందరం ఎక్సోసోమ్‌లనే అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను.

1983లో మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టన్ బృందం, సెయింట్ లూయిస్‌లో ఫిలిప్ స్టాల్ బృందం ఎర్ర రక్తకణాల మీద పనిచేస్తూ వీటిని చూశాయి. ముదురుతున్న ఎర్రకణం ఇనుమును లోపలికి తెచ్చుకునే, తనకిక అక్కర్లేని ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌ను సంచుల్లో పెట్టి బయటికి పంపుతోంది. కణం చెత్త పారేసుకునే పద్ధతిగానే చాలా ఏళ్లపాటు దీన్ని చూశారు. 1996లో గ్రాసా రపోసో బృందం రోగనిరోధక వ్యవస్థలోని బి కణాల ఎక్సోసోమ్‌లు టి కణాలను ఉత్తేజపరచగలవని చూపించింది. 2007లో స్వీడన్‌లో యాన్ లొట్‌వాల్ బృందం వీటిలో ఆర్‌ఎన్‌ఏ ఉందని, అది ఇంకో కణంలోకి చేరి పనిచేస్తుందని చూపించాక క్యాన్సర్ వాళ్లందరి కళ్లూ ఇటు తిరిగాయి.

క్యాన్సర్‌లో ఇవి చేసే పనుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది ఒకటుంది. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకుతుంది కానీ కొన్ని అవయవాల జోలికి అంతగా పోదు. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ ఆ క్యాన్సర్‌తో చనిపోయిన స్త్రీల రికార్డులు చూసి, విత్తనం అన్నిచోట్లా పడినా అనువైన నేలలోనే మొలుస్తుందని రాశాడు. నేలను ఎవరు సిద్ధం చేస్తారన్న ప్రశ్న వందేళ్లకు పైగా అలాగే ఉండిపోయింది. న్యూయార్క్‌లో డేవిడ్ లైడెన్ బృందం 2015లో చెప్పిన జవాబు ఎక్సోసోమ్‌ల గురించే. వాటి పైపొర మీద ఆల్ఫా6బీటా4, ఆల్ఫా6బీటా1 ఇంటిగ్రిన్లు (చుట్టూ ఉన్నవాటికి అతుక్కోవడానికి పనికొచ్చే ప్రోటీన్లు) ఉంటే ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి. ఆల్ఫావీబీటా5 ఉంటే కాలేయంలో కుఫర్ కణాలు (బయటివాటిని మింగే కణాలు) పట్టుకుంటాయి. క్యాన్సర్ కణం రాకముందే ఇవి అక్కడికి చేరి ఆ చోటును మార్చేస్తాయి. ఊపిరితిత్తులకు పోయే ఎక్సోసోమ్‌లను ముందుగా ఎలుకలకు ఇస్తే, మామూలుగా ఎముకలకు పోయే క్యాన్సర్ కణాలు కూడా ఊపిరితిత్తుల్లో పెరిగాయి.

మన పేషెంట్లకు నేరుగా సంబంధించింది ఇంకొకటి. కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే (హెర్2 పాజిటివ్) రొమ్ము క్యాన్సర్‌కు దానికి అతుక్కునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇస్తారు. ఆ కణాలు వదిలే ఎక్సోసోమ్‌ల మీద కూడా హెర్2 ఉంటుంది. మందు కణం దాకా చేరకుండా రక్తంలోనే వీటికి అతుక్కోగలదని 2012లో ఇటలీ పరిశోధకులు చూపించారు. 2018లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో వీ గువో బృందం మెలనోమా ఎక్సోసోమ్‌ల మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ ఉందని, అది దూరం నుంచే టి కణాలను అణచగలదని చూపించింది. ఇమ్యునోథెరపీ కొందరికి పనిచేసి కొందరికి చేయకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుకు లొంగని అండాశయ క్యాన్సర్ కణాలైతే ఆ మందునే వెసికిల్స్‌లో పెట్టి బయటికి తోసేస్తాయి.

ఇవన్నీ తెలిసి ఉంటే ట్యూబులో ఉన్నదాన్ని మీరు వేరే కళ్లతో చూస్తారు. ఇక పనిలోకి వద్దాం.

ఆసుపత్రిలో

మీ మొదటి పని ల్యాబ్‌లో మొదలవదు. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉందా, పేషెంట్ సమ్మతి పత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉందా చూసుకోండి. సంతకం పెట్టించడం వేరు, అర్థమయ్యేలా చెప్పడం వేరు. “అమ్మా, ఈ రక్తం పరిశోధన కోసం తీసుకుంటున్నాం. దీని రిపోర్టు మీకు రాదు, మీ వైద్యం దీనివల్ల మారదు. ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదు, మీ ట్రీట్‌మెంట్ మామూలుగానే సాగుతుంది” అని కూర్చుని చెప్పండి. కీమో మొదలవబోతోందన్న భయంలో ఉన్న మనిషి తన టెన్షన్ పక్కనపెట్టి మీకు చెయ్యి చాస్తుంది. ఆ రక్తాన్ని నిర్లక్ష్యంగా పాడుచేయడం నాకు అస్సలు నచ్చని విషయం. ఇంకోటి, మీరు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకోకుండా పేషెంట్ రక్తం ముట్టుకోవద్దు.

పరగడుపున రమ్మనండి, కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా. ఇడ్లీ, పూరీ తిని వస్తే ప్లాస్మాలో కొవ్వును మోసే కైలోమైక్రాన్లు నిండిపోతాయి. అవి మన వెసికిల్స్ సైజులోనే ఉంటాయి, మెషీన్ వాటిని కూడా లెక్కపెట్టేస్తుంది. ప్లాస్మా పాలలా తెల్లగా కనిపిస్తే ఆ శాంపిల్ లెక్కలోకి రాదు. అది రిజిస్టర్‌లో రాసి పక్కన పెట్టాలి. చివరి కీమో ఎప్పుడు ఇచ్చారో కూడా అడిగి రాసుకోండి. కీమో తర్వాత కణాలు చనిపోతుంటాయి కాబట్టి వెసికిల్స్ సంఖ్యా మారుతుంది, రకమూ మారుతుంది. ఒకరి దగ్గర కీమోకు ముందు, ఇంకొకరి దగ్గర కీమో అయిన మూడో రోజు తీసి రెండింటినీ పోల్చితే ఏమీ తెలియదు.

రక్తం తీసే సిస్టర్‌తో స్నేహంగా ఉండండి, ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. కారణం తెలిస్తే వాళ్లు మనకంటే జాగ్రత్తగా చేస్తారు. 21 గేజ్ సూది కావాలి, మరీ సన్నని సూదిలోంచి లాగితే ఎర్రకణాలు పగులుతాయి. చేతికి కట్టే పట్టీ గట్టిగా, ఎక్కువసేపు ఉండకూడదు. మొదటి రెండు మూడు ఎం.ఎల్. మనకు వద్దు. సూది గుచ్చినచోట నాళం గోడ దెబ్బతిని ప్లేట్‌లెట్లు రేగుతాయి, ఆ ప్రభావమంతా మొదటి ట్యూబులోనే ఉంటుంది. ఆసుపత్రి వాళ్లు ఎలాగూ మామూలు పరీక్షలకు రక్తం తీస్తారు. వాళ్ల ట్యూబు ముందు, మనది తర్వాత పెట్టించుకుంటే పేషెంట్‌కు ఇంకో సూదిపోటూ తప్పుతుంది, మన పనీ అవుతుంది.

ఏ ట్యూబు అన్నదాని మీద చాలా గందరగోళం చూస్తుంటాను. ఎర్ర మూత ట్యూబులో సీరమ్ తీయొద్దు. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు కుప్పలుగా వెసికిల్స్ వదులుతాయి. అవి పేషెంట్ ఒంట్లో ఉన్నవి కావు, మీ ట్యూబులో పుట్టినవి. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు కూడా వద్దు. హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది, వెసికిల్స్ కణాల్లోకి వెళ్లడాన్నీ అడ్డుకుంటుంది. లేత నీలం మూత సిట్రేట్ ట్యూబు గానీ ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబు గానీ వాడండి. ఏది మొదలుపెట్టారో ప్రాజెక్టు చివరిదాకా అదే ఉండాలి. సిట్రేట్ అయితే గీత దాకా నింపించండి. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ అన్న లెక్క తప్పకూడదు. ట్యూబును నెమ్మదిగా నాలుగైదుసార్లు తిప్పి నిలబెట్టండి. ఊపొద్దు, పడుకోబెట్టొద్దు.

ఐస్ పెట్టొద్దు. కొత్తవాళ్లందరూ ఐస్ బాక్స్ పట్టుకునే వస్తారు, ఎందుకంటే కాలేజీలో శాంపిల్ అంటే ఐస్ అనే నేర్పారు. చల్లదనానికి ప్లేట్‌లెట్లు రేగుతాయి. విడదీయని రక్తం గది ఉష్ణోగ్రతలో, అంటే 20 నుంచి 22 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో హైదరాబాద్ ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని తెస్తే అది గది ఉష్ణోగ్రత కాదు. గుంతల రోడ్డు మీద కుదుపులకూ ప్లేట్‌లెట్లు ఊరుకోవు. అందుకే మొదటి రెండు స్పిన్నులూ ఆసుపత్రి ల్యాబ్‌లోనే చేసుకునేలా ముందుగా మాట్లాడుకోండి. ఇది మీ చేతిలో లేకపోతే మీ గైడ్‌తో చెప్పించండి. గంటలోపు మొదటి స్పిన్ పడాలి. తీసిన టైము, స్పిన్ వేసిన టైము రెండూ రాయండి.

రెండు స్పిన్నులు

2500 జీ దగ్గర 15 నిమిషాలు, 20 డిగ్రీల్లో. జీ అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్ల బలం అన్నది, ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) కాదు. ఆసుపత్రి సెంట్రిఫ్యూజ్ మీద ఆర్‌పీఎం మాత్రమే కనిపిస్తుంది. రోటర్ మధ్య నుంచి ట్యూబు అడుగు దాకా స్కేలుతో కొలవండి. ఆ దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎం వర్గంతోనూ 0.00001118తోనూ గుణిస్తే జీ వస్తుంది. దూరం 17 సెంటీమీటర్లయితే 2500 జీకి సుమారు 3630 ఆర్‌పీఎం కావాలి. 10 సెంటీమీటర్లే అయితే 4730 కావాలి. రెండు ఆసుపత్రుల నుంచి శాంపిల్స్ తెస్తూ రెండుచోట్లా ఒకే ఆర్‌పీఎం పెడితే, చివర్లో మీకు కనిపించే తేడా ఆసుపత్రుల తేడానే అవుతుంది.

బ్రేక్ ఆపేయండి. రోటర్ దానంతట అదే నెమ్మదిగా ఆగాలి. బ్రేక్ పడితే ఎర్రకణాల మీద పలచగా పరుచుకున్న తెల్ల పొర కదిలి ప్లేట్‌లెట్లు పైకి లేస్తాయి. పై ప్లాస్మాను పిపెట్‌తో నెమ్మదిగా తీయండి. తెల్ల పొరకు పైన ఒక సెంటీమీటరు ప్లాస్మా వదిలేయాలి. ఇక్కడే అందరికీ ఆశ పుడుతుంది. “మేడమ్, ఇంకా అర ఎం.ఎల్. వస్తుంది” అంటారు. ఆ అర ఎం.ఎల్.తో పాటు వచ్చే ప్లేట్‌లెట్లు మిగతా మూడు ఎం.ఎల్.నూ చెడగొడతాయి. వదిలేయండి.

తీసిన ప్లాస్మాను కొత్త ట్యూబులోకి మార్చి మళ్లీ 2500 జీ, 15 నిమిషాలు, బ్రేక్ లేకుండా. ఈసారి అడుగున ఏమీ కనిపించకపోయినా చివరి భాగం వదిలేయాలి. రెండో స్పిన్ అక్కర్లేదని ఎవరైనా అంటే వినొద్దు. ఒక స్పిన్‌తో ఇంకా ప్లేట్‌లెట్లు మిగులుతాయి. వాటితో పాటు ఫ్రీజ్ చేస్తే, కరిగించేటప్పుడు అవి పగిలి పొర ముక్కలు వెసికిల్స్‌లా చుట్టుకుంటాయి. ఇక వాటిని వేరుచేసే దారి ఏ మెషీన్‌లోనూ లేదు. ఎక్సోసోమ్‌ల గుర్తుగా చూసే సీడీ9, సీడీ63 ప్రోటీన్ల బ్యాండ్లు వచ్చాయని చూసి ట్యూమర్ ఎక్సోసోమ్‌లు దొరికాయని సంబరపడతారు. నిజానికి అవి ఫ్రీజర్‌లో చితికిన ప్లేట్‌లెట్లు. మొదటి కొన్ని శాంపిల్స్‌నైనా ఆసుపత్రి హెమటాలజీ అనలైజర్‌లో పెట్టి ప్లేట్‌లెట్ కౌంట్ చూడండి, సున్నా దగ్గర ఉండాలి.

అదే సమయంలో కొంచెం ప్లాస్మాను 414 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చదవండి. అక్కడ హీమోగ్లోబిన్ కాంతిని బాగా పీల్చుకుంటుంది. రీడింగ్ ఎక్కువ ఉంటే ఎర్రకణాలు పగిలాయని అర్థం. కంటికి గులాబీరంగు కనిపించకపోయినా ఇది పట్టేస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ (జీన్లను అదుపుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ) చూడాలనుకుంటే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఎర్రకణాల్లో మిర్-451 లాంటివి విపరీతంగా ఉంటాయి.

తర్వాత అర ఎం.ఎల్. చొప్పున క్రయోవయల్స్‌లో పోసి మైనస్ 80లో పెట్టండి. అన్నీ ఒకే పెద్ద ట్యూబులో పెట్టి, కావలసినప్పుడల్లా కరిగించి మళ్లీ పెట్టడం చేయకండి. ఒక వయల్ ఒకసారే కరగాలి, మిగిలింది పారేయాలి. కరిగించేటప్పుడు 37 డిగ్రీల వాటర్ బాత్‌లో త్వరగా కరిగించండి. ఎండాకాలం కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే డీప్ ఫ్రీజర్ ఉష్ణోగ్రత ఎంతకు చేరిందో ఎవరికీ గుర్తుండదు. ఫ్రీజర్ తలుపు మీద చార్టు పెట్టి ఉదయం సాయంత్రం రాయడం మీ బాధ్యతగా తీసుకోండి.

వేరుచేయడం

ప్లాస్మాకు నేను ముందు చెప్పేది సైజు ఎక్స్‌క్లూజన్ కాలమ్, అంటే ఎస్‌ఈసీ. రెడీమేడ్ కాలమ్స్ బాగుంటాయి కానీ ఖరీదు. సెఫరోజ్ సీఎల్-2బి అనే పూసల జెల్ కొని 10 ఎం.ఎల్. సిరంజిలో మీరే పోసుకోవచ్చు. అడుగున నైలాన్ మెష్ ముక్క పెట్టి, గాలిబుడగలు లేకుండా ఒకే ధారగా పోయండి. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి వడకట్టిన పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంతో) రెండు మూడు కాలమ్‌లంత కడగండి. పైభాగం ఎప్పుడూ ఎండిపోకూడదు. ఎండి పగుళ్లు వస్తే ఆ కాలమ్ పనికిరాదు, మళ్లీ పోయాల్సిందే.

ఒక ఎం.ఎల్. లోపు ప్లాస్మా పైన వేయండి. అది లోపలికి ఇంకగానే పీబీఎస్ పోస్తూ అర ఎం.ఎల్. చొప్పున ట్యూబుల్లో పట్టండి. పెద్దవి పూసల రంధ్రాల్లోకి దూరలేవు కాబట్టి ముందు దిగిపోతాయి. చిన్న ప్రోటీన్లు రంధ్రాల్లో తిరిగి తిరిగి ఆలస్యంగా వస్తాయి. ఈ సైజు కాలమ్‌లో మొదటి 3 ఎం.ఎల్. దాదాపు ఖాళీగా ఉంటుంది. ఆ తర్వాతి 2 ఎం.ఎల్. ప్రాంతంలో వెసికిల్స్, ఆపైన ఆల్బుమిన్ (ప్లాస్మాలో ఎక్కువగా ఉండే ప్రోటీన్), హెచ్‌డీఎల్ (కొవ్వును మోసే చిన్న కణికలు) వస్తాయి. అయితే ఈ లెక్క నా మాట మీద నమ్మొద్దు. మీరు పోసిన కాలమ్‌లో మొదటిసారి ప్రతి ట్యూబునూ 280 నానోమీటర్ల దగ్గర చదివి, సీడీ63కి డాట్ బ్లాట్ (చుక్క పెట్టి యాంటీబాడీతో చూసే పరీక్ష) వేసి, ఏ ట్యూబుల్లో వెసికిల్స్ ఉన్నాయో, ప్రోటీన్ ఎక్కడ మొదలవుతుందో గ్రాఫ్ గీయండి. ఆ గ్రాఫ్ కాలమ్ పక్కన గోడకు అంటించి ఉండాలి.

ఎస్‌ఈసీ తీసేయలేనిది కైలోమైక్రాన్లను, వీఎల్‌డీఎల్‌ను (రెండూ కొవ్వును మోసే లైపోప్రోటీన్లు). అవీ పెద్దవే కదా, మనవాటితోనే వస్తాయి. సాంద్రత గ్రేడియెంట్ వాడితే వాటిని తీసేయొచ్చు, కానీ హెచ్‌డీఎల్ సాంద్రతా వెసికిల్స్ సాంద్రతా దాదాపు ఒకటే కావడంతో అది మిగిలిపోతుంది. ప్రోటియోమిక్స్ (ఉన్న ప్రోటీన్లన్నిటినీ ఒకేసారి చూడడం) చేసే ఉద్దేశం ఉంటే రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేయక తప్పదు. దిగుబడి బాగా పడిపోతుంది, దానికి సిద్ధపడండి. ఆర్‌ఎన్‌ఏ మాత్రమే చూస్తున్నా లైపోప్రోటీన్లను తేలిగ్గా తీసుకోకండి, హెచ్‌డీఎల్ మీద కూడా మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది.

అల్ట్రాసెంట్రిఫ్యూజ్ సెల్ కల్చర్ మీడియాకు పనికొస్తుంది. 300 జీ, 2000 జీ, 10,000 జీ దగ్గర ఒక్కో స్పిన్ వేసి పెల్లెట్ పారేసి, చివరికి 1,00,000 జీ దగ్గర 70 నిమిషాలు, పీబీఎస్‌లో కడిగి మళ్లీ అంతే. పెల్లెట్ చాలాసార్లు కంటికి కనిపించదు. ట్యూబు పెట్టే ముందే బయటి వైపు మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, ఆ వైపునే పిపెట్‌తో కడగండి. జంట ట్యూబుల బరువు బ్యాలెన్స్ మీద కచ్చితంగా సరిచూడకుండా మాత్రం ఆ మెషీన్ ఆన్ చేయొద్దు. మీడియాలో వేసే ఎఫ్‌బీఎస్‌లో (పుట్టని దూడ సీరమ్‌లో) ఆవుదూడ వెసికిల్స్ లెక్కలేనన్ని ఉంటాయి. దాన్ని ముందు రాత్రంతా 1,00,000 జీలో తిప్పి వాటిని తగ్గించాలి, లేదా సీరమ్ లేని మీడియా వాడాలి.

పాలిమర్‌తో అవక్షేపం చేసే కిట్లు తేలిక, పెల్లెట్ కూడా పెద్దగా కనిపిస్తుంది. ఆ పెల్లెట్‌లో ఆల్బుమిన్, లైపోప్రోటీన్లు, యాంటీబాడీలు అన్నీ ఉంటాయి. ప్లాస్మాకు వాటిని నేను ఒప్పుకోను.

వచ్చింది ఏమిటో నిరూపించడం

ఎన్‌టీఏ (నానోపార్టికల్ ట్రాకింగ్) మెషీన్ ద్రవంలో కదిలే కణికల్ని వీడియో తీసి, కదలిక వేగం నుంచి సైజు లెక్కగడుతుంది. అది పొర ఉన్న వెసికిల్‌నీ, కొవ్వు బొట్టునీ, పీబీఎస్‌లోని దుమ్మునీ ఒకేలా చూస్తుంది. కాబట్టి ముందు మీ పీబీఎస్‌నే శాంపిల్‌గా పెట్టి చూడండి. తర్వాత 100 నానోమీటర్ల పూసలతో సరిచూసుకోండి. ఫ్రేమ్‌కు 20 నుంచి 100 దాకా కణికలు కనిపించేలా పలచన చేయండి. కెమెరా లెవెల్ ఒకసారి పెట్టాక ప్రాజెక్టంతా మార్చొద్దు. గ్రాఫ్‌లో 110 దగ్గర అందమైన శిఖరం వచ్చిందని అది ఎక్సోసోమ్ అయిపోదు.

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో చూసే పరీక్షలో) పొర ప్రోటీన్లు సీడీ9, సీడీ63, సీడీ81లో కనీసం ఒకటి, లోపలి ప్రోటీన్ టీఎస్‌జీ101 గానీ అలిక్స్ గానీ ఉండాలి. కణం ముక్కలు కలవలేదని చూపడానికి కాల్నెక్సిన్ ఉండకూడదు. ఆ ‘లేదు’ నమ్మదగ్గది కావాలంటే పక్క లేన్‌లో సెల్ లైసేట్ (పగలగొట్టిన కణాల ద్రవం) వేసి అందులో కాల్నెక్సిన్ వచ్చిందని చూపాలి. ప్లాస్మా కాబట్టి ఆల్బుమిన్, లైపోప్రోటీన్ల గుర్తైన అపోబి ఎంత మిగిలాయో కూడా వేయండి. అవి ఉన్నా దాచొద్దు, ఎంత ఉన్నాయో చూపితేనే చదివేవాళ్లు మిమ్మల్ని నమ్ముతారు. సీడీ63కి చాలా యాంటీబాడీలు మెర్కాప్టోఇథనాల్ వేస్తే పనిచేయవు, నాన్ రెడ్యూసింగ్‌లో, అంటే అది వేయకుండా నడపండి. ఈ చిన్న విషయం తెలియక వారాల తరబడి యాంటీబాడీ మారుస్తూ కూర్చునేవాళ్లు ఉన్నారు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కప్పులా లోపలికి వంగినవి కనిపిస్తాయి. అది ఎండబెట్టడం వల్ల వచ్చిన ఆకారం. క్రయో పద్ధతిలో చూస్తే గుండ్రంగానే ఉంటాయి.

అన్నిటికంటే నేను పట్టుబట్టే పరీక్ష ఇది. ‘ఫలానా ఆర్‌ఎన్‌ఏ వెసికిల్ లోపల ఉంది’ అనాలంటే, శాంపిల్‌ను మూడు భాగాలు చేయండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదానికి ప్రోటీన్లను కోసే ప్రోటీనేజ్ కె, ఆర్‌ఎన్‌ఏను కోసే ఆర్‌ఎన్‌ఏస్ ఇవ్వండి. మూడోదానికి ముందు ట్రైటాన్ అనే డిటర్జెంట్ వేసి పొర కరిగించి, ఆ తర్వాత అవే ఇవ్వండి. రెండోదాంట్లో ఆర్‌ఎన్‌ఏ మిగిలి, మూడోదాంట్లో పోతేనే అది లోపల ఉన్నట్టు. ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ ఇచ్చే మైసెవ్ మార్గదర్శకాలు 2014, 2018లో వచ్చాయి, తాజావి 2023 పేరుతో ఉన్నాయి. పేపర్ రాసేటప్పుడు కాదు, పని మొదలుపెట్టే ముందు చదవండి.

అది ట్యూమర్‌దేనా?

రక్తంలోని వెసికిల్స్‌లో ఎక్కువ భాగం ప్లేట్‌లెట్లు, ఇతర రక్తకణాల నుంచి వచ్చినవే. ట్యూమర్ వాటా చాలా చిన్నది. అందుకని మొత్తం వెసికిల్స్‌లో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరిగిందంటే అది ట్యూమర్ నుంచి వచ్చిందో, జబ్బుకు ఒళ్లు స్పందించడం వల్ల వచ్చిందో తెలియదు. మన పేషెంట్లలో ట్యూమర్ కణాల మీద ఉండే ఎప్‌క్యామ్, హెర్2 ప్రోటీన్లను పట్టే యాంటీబాడీలు అంటించిన మాగ్నెటిక్ బీడ్స్‌తో పట్టడం ఒక దారి. అదే పేషెంట్ దగ్గర ఆపరేషన్‌కు ముందు, తర్వాత తీసి చూడడం ఇంకో దారి. పోల్చడానికి తెచ్చే ఆరోగ్యవంతులు కూడా అదే వయసు ఆడవాళ్లై ఉండాలి. ల్యాబ్‌లోని పాతికేళ్ల స్నేహితుల రక్తం తీసుకుని యాభై ఐదేళ్ల పేషెంట్లతో పోల్చకండి.

2015లో గ్లైపికాన్-1 అనే ప్రోటీన్ ఉన్న ఎక్సోసోమ్‌లతో పాంక్రియాస్ క్యాన్సర్‌ను తొలిదశలోనే తప్పుపోకుండా పట్టవచ్చని నేచర్‌లో వచ్చింది. తర్వాత వేరే బృందాలు చేస్తే అంత స్పష్టమైన తేడా రాలేదు. దీనికి భిన్నంగా నిలబడింది అమెరికాలో వాడే ఎక్సోడీఎక్స్ ప్రోస్టేట్ పరీక్ష. 50 ఏళ్లు దాటి, రక్తంలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి ప్రోటీన్) 2 నుంచి 10 మధ్య ఉన్న మగవాళ్ల మూత్రంలో ఎక్సోసోమ్‌ల నుంచి పీసీఏ3, ఈఆర్‌జీ ఆర్‌ఎన్‌ఏలు కొలిచి, ఎస్‌పీడీఈఎఫ్‌తో సరిచూసి, బయాప్సీ అవసరమా కాదా అన్నది తేల్చుకోవడానికి సాయపడుతుంది. అడిగింది చిన్న ప్రశ్న, తీసుకున్నది ఆ అవయవం పక్కనుంచే వచ్చే ద్రవం. మీ ప్రాజెక్టు ప్రశ్నను కూడా అంత చిన్నదిగా పెట్టుకోమని అందుకే అంటాను. మన దగ్గర అంత ఎక్కువగా ఉన్న నోటి క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లు రక్తం కంటే ముందు ఉమ్మి వైపు చూడాలని నా అభిప్రాయం.

పేషెంట్ ఇంటివాళ్లు వైద్యం గురించి అడిగితే

తప్పకుండా అడుగుతారు. మీ ఫారం మీద ఎక్సోసోమ్ అన్న మాట చూసి, “మేడమ్, యూట్యూబ్‌లో ఎక్సోసోమ్ థెరపీ అని చూశాం, మా అమ్మకు పనిచేస్తుందా?” అని వరండాలో ఆపుతారు. మీరు డాక్టర్ కాదు, వైద్య సలహా ఇవ్వకూడదు. కానీ తెలిసిన నిజాలు చెప్పకుండా తప్పుకోవడం కూడా సరికాదు.

నిజమేమిటంటే, దీని మీద గట్టి పరిశోధన జరుగుతోంది. 1998లో ఫ్రాన్స్‌లో లారెన్స్ జిత్వోగెల్ బృందం డెండ్రిటిక్ కణాలనే రోగనిరోధక కణాల ఎక్సోసోమ్‌లతో ఎలుకల్లో ట్యూమర్లను తగ్గించింది. అదే దారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్ల మీద చేసిన రెండోదశ ట్రయల్ ఫలితం 2016లో వచ్చింది. నాలుగు నెలల పాటు జబ్బు పెరగకుండా సగం మందికైనా ఆగాలన్నది లక్ష్యం. 22 మందిలో 7 మందికే ఆగింది. 2017లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్‌లో రఘు కల్లూరి బృందం ఎక్సోసోమ్‌లలో ఎస్ఐ ఆర్‌ఎన్‌ఏ (ఒక జీన్‌ను ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ) నింపి, కేరాస్ జీన్‌లో జీ12డీ మార్పు ఉన్న పాంక్రియాస్ క్యాన్సర్ ఎలుకల ఆయుష్షు పెంచింది. ఎక్సోసోమ్‌ల మీద సీడీ47 అనే ప్రోటీన్ ఉండడం వల్ల తెల్లకణాలు వాటిని వెంటనే మింగేయలేదు. ఆ తర్వాత మనుషుల మీద మొదటిదశ ట్రయల్ మొదలుపెట్టారు.

అంటే ఇదంతా ట్రయల్స్‌లో ఉన్న పని. క్లినిక్‌లో డబ్బులు తీసుకుని ఎక్కించే సెలైన్ బాటిల్ ఇది కాదు. 2019 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, నెబ్రాస్కాలో ఎక్సోసోమ్ పేరుతో అమ్మినవి వాడినవాళ్లకు తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయని హెచ్చరిక ఇచ్చింది. తాను ఆమోదించిన ఎక్సోసోమ్ మందు ఒక్కటీ లేదని అందులోనే చెప్పింది. క్యాన్సర్ ఉన్న మనిషికి స్టెమ్ సెల్ ఎక్సోసోమ్‌లు ఎక్కించడమంటే నాకు భయం. కొన్ని ప్రయోగాల్లో అవి ట్యూమర్‌ను తగ్గించాయి, కొన్నింటిలో కొత్త రక్తనాళాలు పెంచి దానికే సాయపడ్డాయి.

కాబట్టి వాళ్లతో ఇలా చెప్పండి: “ప్రస్తుతం ఇది పరిశోధన మాత్రమే అండీ. ఎవరైనా డబ్బు అడిగి ఇస్తామంటే అది ట్రయల్ కాదు. ట్రయల్ అయితే మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోరు, ప్రభుత్వ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో రిజిస్టర్ నంబర్ ఉంటుంది, అది అడగండి. అమ్మగారి కీమో మాత్రం మధ్యలో ఆపకండి, ఏ అనుమానం ఉన్నా ఆంకాలజిస్ట్‌నే అడగండి.” వెళ్లేముందు ఆ ప్రశ్న అడిగినట్టు వాళ్ల డాక్టర్‌కు కూడా ఒక మాట చేరవేయండి. ఇంటివాళ్లు క్లినిక్ వైపు చూస్తున్నారని ఆయనకు తెలియడం చాలా అవసరం.